అడ్వాన్స్ పడిన ఇంటికి మనం ఎక్కువ ఇస్తామనొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. 11 ఏళ్లుగా ఒకే వీధిలో అద్దెకుంటున్నాం. మావారు ఆర్టీసీలో చేస్తారు, నేను స్కూల్లో టీచర్ని. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు కొంత ఉంది, మిగతాది బ్యాంకు లోను పెట్టుకుని ఇల్లు కొనుక్కుందామని చూస్తున్నాం. మా ఎదురు వరసలో 120 గజాల్లో ఒక డాబా ఇల్లుంది. ఆ ఇంటాయన పోయాక పెద్దావిడ హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఇల్లు అమ్ముతున్నారని మాకు తెలిసేసరికే కోటి 10 లక్షలకు ఎవరితోనో మాట అయిపోయింది. 10 లక్షలు అడ్వాన్స్ తీసుకుని, మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసేశారు. రెండున్నర నెలలు గడిచినా వాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోలేదు. ఈమధ్య ఒక బ్రోకర్ మావారిని కలిసి, "ఇంకో 4 లక్షలు వేసుకోండి, ఆ అగ్రిమెంట్ నేను విడగొట్టిస్తాను. అది రిజిస్టర్ అయింది కాదు, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్‌లో) కనపడదు, చెల్లదు. ముందు 2 లక్షలు టోకెన్ ఇవ్వండి" అన్నాడట. ఇచ్చేద్దామని మావారు. "నోటికాడ కూడు లాక్కోవడం మనకొద్దు" అని మా అత్తగారు. గుడి, పిల్లల స్కూలు అన్నీ నడిచే దూరంలో ఉన్న ఇల్లు. మళ్లీ ఈ వీధిలో దొరుకుతుందన్న ఆశ లేదు. అడగడం తప్పా? కొంటే ప్రమాదమా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.
ఒక సోదరి, సత్యనారాయణపురం

సమాధానం: అమ్మా, ముందు ఆ 2 లక్షల సంగతి. ఇవ్వకండి. ఈ జవాబు మీరు చదివేలోపే మీవారు ఇచ్చేసి ఉంటే, ఇవాళే అడిగి వెనక్కి తీసుకోండి. ఇంటావిడ సంతకం లేదు, ఈ బేరం ఆవిడకు తెలుసో లేదో కూడా మనకు తెలియదు. రేపు తేడా వస్తే "ఓనర్‌కి పంపించేశానండీ" అని బ్రోకర్ ఒక్క మాట అంటాడు. ఆ తర్వాత ఎవరి వెంట పడతారు?

ఇక మీరడిగినవి. ఆ ఇల్లు మాకు కావాలని అడగడం తప్పు కాదు. ఇన్నేళ్లు ఉన్న వీధిలో, అత్తగారు తోడు లేకుండా గుడికి వెళ్లి రాగలిగిన చోట సొంత ఇల్లు ఉండాలనుకోవడంలో తప్పేముంది? కానీ బ్రోకర్ మీ చేత చేయించబోతున్నది వేరే పని. 10 లక్షలు తీసుకుని సంతకం పెట్టిన మనిషికి ఇంకో 4 లక్షలు చూపించి, మాట తప్పించడం. అందులో మీ అత్తగారన్న ధర్మం ఉంది, మీవారు ఇంకా లెక్కలోకి తీసుకోని నష్టమూ ఉంది. నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాల్సింది కాబట్టి, మీవారూ పక్కన కూర్చుని చదువుతున్నారనుకుని నష్టం సంగతే ముందు చెబుతాను.

"రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదు" అన్నది రియల్ ఎస్టేట్ వాళ్ల నోట తరచూ వినపడే మాట. అందులో కొంత నిజం లేకపోలేదు. మన రాష్ట్రంలో 1999 నుంచి అమ్మకపు అగ్రిమెంట్లను కూడా రిజిస్టర్ చేయించాలని చట్టంలో ఉంది. అయినా చాలామంది స్టాంపు పేపర్ల మీద రాసుకుని, సాక్షుల సంతకాలు పెట్టించుకుని, బీరువాలో దాచుకుంటారు. అలాంటి కాగితం ఈసీలో కనపడదు. అయితే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. "ఒప్పుకున్న ప్రకారం నాకు రాసిచ్చేలా చూడండి" అని వేసే దావాలో, రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను కూడా సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. స్టాంపు చాలకపోతే ఆ తేడా, పెనాల్టీ కట్టి దాఖలు చేసుకోవచ్చు. అసలు కాగితమే లేని నోటి ఒప్పందం మీద కూడా దావా వేయొచ్చు, కాకపోతే రుజువు చేయడం కష్టం. ఇక్కడ కాగితం ఉంది. 10 లక్షలు బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటే ఆ ఎంట్రీ కూడా ఉంటుంది.

అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన ఇల్లు కొనేవాళ్ల సొంతమైపోదన్నది కూడా నిజమే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కానీ ఆ ఇంటిని తమ పేర రాయించుకోవడానికి కోర్టుకు వెళ్లే హక్కు వాళ్లకు వచ్చేసింది. ఇచ్చిన అడ్వాన్స్ మేరకు ఆ ఆస్తి మీద వాళ్లకు చార్జ్, అంటే ఆ డబ్బును ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు, ఉంటుందని కూడా అదే చట్టం చెబుతోంది.

మీకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, మొదట అగ్రిమెంట్ రాయించుకున్న పార్టీ ఓనర్ మీదే కాకుండా, ఆ తర్వాత కొన్నవాళ్ల మీద కూడా దావా వేయొచ్చు. తప్పించుకోగలిగేది ఒక్కరే: డబ్బు పూర్తిగా చెల్లించి, నిజాయితీగా, ముందు ఇంకో ఒప్పందం ఉందని తెలియకుండా కొన్నవాళ్లు. మీకు తెలుసు. మీ అత్తగారికి తెలుసు. మీ వీధిలో సగం మందికి తెలిసే ఉంటుంది. రేపు కోర్టులో "మాకేమీ తెలియదండీ" అని ప్రమాణం చేసి చెప్పాల్సింది మీరూ మీవారే. మీ ఉత్తరం చూస్తే మీరలా అబద్ధం చెప్పగలవాళ్లలా లేరు.

వాళ్లు ఆ దావా గెలిస్తే, ఓనరూ, ఓనర్ దగ్గర కొన్న మీరూ కలిసి మొదటి పార్టీకి దస్తావేజు రాసివ్వాలని డిక్రీ వస్తుంది. సుప్రీంకోర్టు 1950ల నుంచి చెబుతున్న పద్ధతి ఇదే. అంటే అప్పటికి మీరు కాపురం ఉంటున్న ఇంటిని, మీ చేతులతో సంతకం పెట్టి ఇవ్వాలి. ఇలాంటి డిక్రీ ఇవ్వాలా వద్దా అన్నది ఇదివరకు చాలావరకు జడ్జిగారి విచక్షణ మీద ఉండేది. 2018లో చట్టం సవరించాక ఆ వెసులుబాటు బాగా తగ్గింది. మీరు కట్టిన సొమ్ము కోసం పెద్దావిడ మీదో, ఆవిడ పిల్లల మీదో మీరు వేరే దావా వేసుకోవాలి. కోటి 14 లక్షల మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఎనిమిదిన్నర లక్షల పైమాటే. అది ఖజానాకు వెళ్లిన డబ్బు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంటే నెలనెలా ఈఎంఐ ఆగదు. కేసు పెండింగ్‌లో ఉన్న ఇంటిని అమ్ముకుందామన్నా సరైన కొనుగోలుదారు ముందుకు రాడు.

"ఇంకో పదిహేను రోజులు ఆగితే గడువు దాటిపోతుందిగా" అని మీవారు అనొచ్చు. ఇళ్లు, స్థలాల ఒప్పందాల్లో తేదీ దాటినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోయిందని కోర్టులు మామూలుగా అనుకోవు. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేసుకునే వీలు వాళ్లకు ఉంటుంది. డబ్బు సిద్ధంగా పెట్టుకుని, కొనడానికి సుముఖంగానే ఉన్నామని చూపించుకోవాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. చూపించుకోగలిగితే, వాళ్ల కేసు గట్టిదే.

అసలు ఆలస్యం వాళ్ల వల్లే జరిగిందని ఎందుకు అనుకోవాలి? ఇల్లు ఎవరి పేర ఉందో మీ ఉత్తరంలో లేదు. పోయిన ఇంటాయన పేర ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, భార్యతో పాటు కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటాలు వస్తాయి. పెళ్లయి ఏ అమెరికాలోనో ఉన్న కూతురి సంతకం కూడా కావాలి. ఆ సంతకం కోసమో, ఇల్లు ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత లింకు డాక్యుమెంట్ ఒకటి దొరక్కో రిజిస్ట్రేషన్ ఆగి ఉండొచ్చు. అదే నిజమైతే తప్పు అమ్మేవాళ్ల వైపుది, మొదటి పార్టీ చేయి ఇంకా పైన ఉన్నట్టు. పైగా వాళ్లను ఆపిన లోపమే రేపు మీ బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో మిమ్మల్నీ ఆపుతుంది. బ్రోకర్ ఈ సంగతి చెప్పలేదంటే, ఆయనకు తెలియకపోయి ఉండాలి, లేదా చెప్పడం ఇష్టం లేక.

ఇప్పుడు మీ అత్తగారి మాటకొస్తాను. ఆవిడ మాటను పాతకాలపు చాదస్తంగా తీసేయకండి. ఆ 10 లక్షలు ఇచ్చినవాళ్లు ఎవరో మీకు తెలియదు. మీలాగే ఊళ్లో పొలం బేరం పెట్టి ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. లోను ఫైలు ఏ బ్రాంచిలోనో సంతకానికి ఆగి ఉండొచ్చు. ఆషాఢంలో వద్దనో, మూఢం వెళ్లాక మంచిరోజు చూసుకుందామనో పెద్దవాళ్లు అని ఉండొచ్చు. మన వైపు ఇళ్ల రిజిస్ట్రేషన్లు వెనక్కి జరిగేది ఎక్కువగా ఇలాంటి వాటివల్లేనని మీకూ తెలుసు. వాళ్లింట్లోనూ పిల్లలు "మన కొత్తింట్లో నా గది ఏది" అని అడుగుతూ ఉంటారు. రాత్రిళ్లు మీకు పట్టిన టెన్షన్‌ను, 4 లక్షలు పెట్టి, ఇంకో ఇంటికి పంపించవద్దనే మీ అత్తగారు చెబుతున్నది. ఈ విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షం.

అలాగని ఆ ఇంటిని మర్చిపొమ్మని చెప్పడం లేదు. తలెత్తుకుని చేయగలిగిన పని ఉంది.

ముందు ఆ పార్టీ ఎలాంటిదో కనుక్కోండి. ఉండటానికి కొంటున్న కుటుంబమా, లేక అగ్రిమెంట్ రాయించుకుని గడువులోపు ఎక్కువ రేటుకు ఇంకొకరికి మార్చేసే వ్యాపారమా? ఈ రెండోది మన ఊళ్లో కొత్తేమీ కాదు. అగ్రిమెంట్లో మామూలుగా ఒక వాక్యం ఉంటుంది: "గడువులోగా బాకీ పైకం మాకు చెల్లించి, మీ పేర గాని, మీరు కోరిన వారి పేర గాని, మీ ఖర్చులతో రిజిస్టరు దస్తావేజు పొందగలవారు." ఆ "మీరు కోరిన వారి పేర" అన్న ముక్క వ్యాపారం చేసేవాళ్లకు ప్రాణం. వాళ్లు అలాంటివాళ్లయితే మీరు నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లి, "మాకు ఇస్తారా, ఎంతకి" అని అడగొచ్చు. ఇందులో ఎవరి నోటికాడ కూడూ లాక్కోవడం లేదు, వాళ్లు అమ్ముకోవడానికే తీసుకున్నారు. అప్పుడు మీ పేర జరిగే దస్తావేజులో పెద్దావిడ, వారసులు అమ్మేవాళ్లుగా, మొదటి పార్టీ సమ్మతి తెలిపేవాళ్లుగా సంతకాలు పెట్టాలి. వాళ్లకు లాభంగా ముట్టేది ఎంతో అందులోనే రాయించండి. పక్కన తెల్లకాగితం లెక్కలకు ఒప్పుకోకండి.

ఉండటానికి కొంటున్న కుటుంబమైతే వాళ్ల జోలికి వెళ్లొద్దు. ఎప్పుడు విరమించుకుంటారా అని ఆరాలు తీయడం, బంధువుల ద్వారా రాయబారాలు పంపడం కూడా వద్దు. మీరు మాట్లాడాల్సింది ఇంటావిడతోనే. అదీ ఎలాగంటే, ఆ మాటలు రేపు మొదటి పార్టీ విన్నా మీరు సిగ్గుపడక్కర్లేని విధంగా.

"పిన్నిగారూ, ఇల్లు ఇస్తున్నారని తెలిసింది. ముందే తెలిసుంటే మేమే అడిగేవాళ్లం. ఇప్పుడు మీరు మాటిచ్చినవాళ్లతో జరిగిపోతే మంచిదే. ఏ కారణం చేతనైనా వాళ్లు వద్దనుకుంటే, వాళ్ల డబ్బు వాళ్లకిచ్చి కాగితం రద్దయ్యాక, ఇంకెవరికీ చెప్పకముందు మాకొక మాట చెప్పండి. మేం సిద్ధంగా ఉంటాం." ఇంతే. 4 లక్షల ప్రస్తావన అసలు రాకూడదు. రేటు పెంచుతామన్న ఆశ ఒకసారి చెవిన పడితే, మామూలుగా జరిగిపోవాల్సిన రిజిస్ట్రేషన్‌కు కూడా ఆ కుటుంబంలో ఎవరో ఒకరు అడ్డుపుల్ల వేస్తారు. అప్పుడు ఒప్పందం విడగొట్టింది మీరే అవుతారు.

వేచి ఉండే ఈ రోజులను ఊరికే పోనివ్వకండి. బ్యాంకుకు వెళ్లి మీ ఇద్దరి జీతాల మీద ఎంత లోను వస్తుందో తేల్చి, శాంక్షన్ చేతిలో పెట్టుకోండి. ఆ ఇంటికి ఈసీ ఎవరైనా తీయించుకోవచ్చు. 1983 నుంచి రిజిస్టర్ అయినవి కంప్యూటర్‌లో దొరుకుతాయి. అది చూస్తే ఇల్లు ఎవరి పేర ఉందో, తనఖాలేమైనా ఉన్నాయో తెలుస్తుంది. బ్రోకర్ చెప్పినట్టు ఆ అగ్రిమెంట్ నిజంగా రిజిస్టర్ కాలేదా అన్నదీ అందులోనే తేలిపోతుంది. అయి ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

వాళ్లు నిజంగానే విరమించుకుంటే? ఇక్కడ తొందరపడి బోల్తాపడేవాళ్లు ఎక్కువ, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. "వాళ్లు వద్దన్నారండీ, మీరు వచ్చేయండి" అని ఫోన్‌లో చెప్పిన మాట చాలదు. "గడువు దాటింది, అడ్వాన్స్ జప్తు చేసుకున్నాం, నోటీసు కూడా ఇచ్చాం" అన్నా చాలదు. మొదటి పార్టీ సంతకం కావాలి. అగ్రిమెంట్ రద్దు పత్రం రాయించాలి. అందులో ఏ తేదీన రాసుకున్న ఒప్పందం, ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, ఎంత వెనక్కి ముట్టింది, ఏ చెక్కు లేదా డీడీ నంబర్ ద్వారా ముట్టింది, ఇక ఆ ఇంటి మీద మాకు ఎలాంటి హక్కూ దావా లేవు, అన్నవి ఉండాలి. రెండు వైపులా సంతకాలు, సాక్షుల సంతకాలు, ఆధార్ జిరాక్సులు. మొదటి అగ్రిమెంట్ భార్యాభర్తలిద్దరి పేర ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒరిజినల్ అగ్రిమెంట్ వాళ్ల దగ్గర్నుంచి వెనక్కి రావాలి. వచ్చాక వెనక పేజీ తిప్పి చూడండి. గడువు పొడిగించినట్టో, మధ్యలో ఇంకో 5 లక్షలు ముట్టినట్టో చెల్లు రాసి ఉండొచ్చు. ఉంటే ఆ మొత్తం కూడా రద్దు పత్రం లెక్కలోకి రావాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందైతే రద్దు కూడా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ హాజరై రిజిస్టర్ చేయించాలి.

చాలాసార్లు వచ్చే ఇబ్బంది ఏమిటంటే, తీసుకున్న అడ్వాన్స్ ఓనర్ దగ్గర ఉండదు. వైద్యానికో, మనవడి ఫీజుకో ఖర్చయిపోయి ఉంటుంది. "మీరిచ్చే అడ్వాన్స్‌తోనే వాళ్లకు తీర్చేస్తాను" అంటారు. అది మోసం అనుకోనక్కర్లేదు, కానీ డబ్బు ఓనర్ చేతికి ఇచ్చేసి ఇంటికొచ్చేయకండి. మూడు పక్షాలూ ఒకే రోజు, లాయర్ ఎదురుగా కూర్చోవాలి. మీరు మొదటి పార్టీ పేరనే డీడీ తీసుకెళ్లండి. ఆ డబ్బు తన తరఫున వాళ్లకిచ్చారని, దాన్ని మీ అడ్వాన్స్‌గా జమ కట్టుకుంటున్నానని ఓనర్ రాసివ్వాలి. ముందు రద్దు పత్రం మీద సంతకాలు, తర్వాత ఒరిజినల్ అగ్రిమెంట్ లాయర్ చేతికి, ఆ తర్వాత డీడీ వాళ్ల చేతికి. ఆ వెంటనే మీ అగ్రిమెంట్. ఈ వరస మారకూడదు. ఎవరైనా "రేపు సంతకం పెడతారు, పెద్దమనిషి, నమ్మండి" అంటే, డీడీ కూడా రేపే తెస్తామని చెప్పి లేచి వచ్చేయండి.

ఆ తర్వాత మీ లాయర్ చేత పేపర్లో ప్రకటన వేయించండి. ఫలానా ఇంటిని మా క్లయింట్లు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపండి అని. ఒక ఓనర్ ఇద్దరి దగ్గర అడ్వాన్స్ తీసుకున్న సందర్భాలున్నాయి, మూడోవాళ్లెవరైనా ఉంటే బయటపడతారు. ప్రకటన వేసినంత మాత్రాన అన్ని హక్కులూ తుడిచిపెట్టుకుపోవు గానీ, మీరు జాగ్రత్తపడ్డారనడానికి ఆధారం ఉంటుంది.

మీ అగ్రిమెంట్ మాత్రం రిజిస్టర్ చేయించుకోండి. ఖర్చెందుకని డాక్యుమెంట్ రైటర్లే వద్దంటారు, వినకండి. ఈసీలో మీ పేరు పడితే, ఇప్పుడు మీ దగ్గరికి వచ్చిన బ్రోకర్ లాంటి మనిషి రేపు ఇంకొకరి దగ్గరికి వెళ్లి "ఈసీలో లేదు, చెల్లదు" అనలేడు. నగదు ముచ్చట వద్దు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. 50 లక్షలు, ఆపైన విలువ కాబట్టి ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. అది మీ చేతినుంచి అదనంగా పోయేది కాదు, ఓనర్‌కి ఇచ్చే సొమ్ములోంచే.

ఇంత చెప్పినా, ఆ ఇల్లు మీకు రాకపోయే అవకాశమే ఎక్కువ. 10 లక్షలు ఇచ్చినవాళ్లు తేలిగ్గా వదులుకోరు. అందుకని మీ ఆశంతా ఆ ఒక్క గుమ్మం మీదే పెట్టుకోకండి. గేటుకు బోర్డు కట్టకముందే చేతులు మారే ఇళ్లు సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో చాలా ఉంటాయి. పెద్దవాళ్లు ఒక్కరే మిగిలి, పిల్లలు హైదరాబాద్‌లోనో, బయటి దేశాల్లోనో ఉన్న ఇళ్లు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. గుళ్లో మీ అత్తగారి పరిచయాలు ఏ బ్రోకర్ ఫోన్ నంబర్ల కన్నా ఎక్కువ పనికొస్తాయి. మేం ఇల్లు చూస్తున్నామని నలుగురికీ చెప్పమనండి. ఈసారి మీకు ఆలస్యంగా తెలియడానికి కారణం, మీరు కొనే ఆలోచనలో ఉన్నారని ఆ వీధిలో ఎవరికీ తెలియకపోవడమే అయ్యుంటుంది. రేటు కలిసొస్తుందని సింగ్ నగర్ వైపు కూడా చూస్తే, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద ఆ ఇంటి గోడ మీద ఎంత ఎత్తుకొచ్చిందో, ఎన్నాళ్లు నిలబడిందో అమ్మేవాళ్లను కాకుండా ఇరుగుపొరుగును అడగండి.

మీవారితో గొడవ పడకండి. ఆయన ఆశ పడింది కుటుంబం కోసమే. "నాలుగు లక్షలతో పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకు" అంటే, ఒక్కసారి లాయర్ దగ్గరికి తీసుకెళ్లి, 19వ సెక్షన్ సంగతి ఆ లాయర్ నోటనే వినిపించండి. బ్రోకర్‌కి కూడా మర్యాదగా, గట్టిగా చెప్పేయమనండి: అడ్వాన్స్ పడిన ఇల్లు మాకొద్దు, వేరేవి ఉంటే చూపించండి, కమీషన్ మాత్రం రిజిస్ట్రేషన్ రోజునే.

పెద్దావిడకు ఫోన్ మాత్రం మీరే చేయండి. ఇన్నేళ్లు ఎదురెదురు వరసల్లో ఉన్నారు, మీ గొంతు ఆవిడకు తెలుసు. కొడుకు ఆఫీసుకు వెళ్లాక, ఆవిడ తీరికగా ఉండే వేళ చూసుకుని, ముందు ఆరోగ్యం అడిగి, తర్వాత ఇంటి మాట ఎత్తండి. ఒకవేళ ఆవిడే "మీరైతే ఎంతిస్తారమ్మా" అని అడిగితే, "మీరు వాళ్లకు చెప్పిన రేటే పిన్నిగారూ, అదీ వాళ్ల లెక్క తేలాకే" అనండి.